ఉజుమాకి: మాంగాకి వణికాను, సినిమాకి నవ్వాను. లోపం నాదేనా?

అర్ధరాత్రి చదువరి

జుంజి ఇటో గీసిన హారర్ మాంగా (జపాన్ కామిక్) 'ఉజుమాకి' పోయిన నెలలో పూర్తి చేశాను. మూడు సంపుటాలు, రెండు రాత్రుల్లో అయిపోయాయి. తర్వాత వారం రోజుల పాటు సింకులో నీళ్ళు సుడి తిరుగుతూ దిగుతుంటే అటు చూడబుద్ధి కాలేదు, అంతలా పట్టుకుంది. ఆ ఊపులోనే 2000లో వచ్చిన సినిమా వెతికి పట్టుకుని, లైట్లు ఆర్పి, చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, భయపడటానికి అన్ని ఏర్పాట్లూ చేసుకుని మొదలుపెట్టాను. గంటన్నర తర్వాత లేచి లైటు వేసి, ఏదైనా తిందామని వంటింట్లోకి వెళ్ళాను. హారర్ సినిమా చూసి ఆకలేసిందంటే ఇంకేం చెప్పను!

చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. కురోజు అనే కల్పిత ఊరు. కిరియె అనే హైస్కూలు అమ్మాయి, ఆమె స్నేహితుడు షూయిచి. ఆ ఊరికి సుడి పడుతుంది. దెయ్యం కాదు, ఆత్మ కాదు, పగబట్టిన మనిషీ కాదు, ఒట్టి ఆకారం. నత్తగుల్ల, జుట్టు, పొగ, చెవి లోపలి ఎముక, అన్నిట్లోనూ అదే.

నా బాధంతా షూయిచి తండ్రి గురించి. మాంగాలో ఆయన మొదట సందులో గోడ దగ్గర గొంతుక్కూర్చుని నత్తని చూస్తూ ఉంటాడు. కిరియె పలకరించినా వినపడదు. తర్వాత సుడి ఉన్న వస్తువులన్నీ ఇంట్లో పోగేస్తాడు. భార్య విసిగిపోయి అవన్నీ పారేస్తే, నాకిక వస్తువులు అక్కర్లేదు, నా ఒంట్లోనే సుళ్ళు పుట్టించగలను అంటాడు. ఆ తర్వాత ఇంటికి గుండ్రటి చెక్క తొట్టి ఒకటి వస్తుంది. ఆ తొట్టిలో ఏముందో చెప్పను. చదివినవాళ్ళకి తెలుసు.

సినిమాలో తొట్టి లేదు. వాషింగ్ మెషీన్! ఆయన అందులో దూరతాడు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. మాంగా చదవని చెల్లి మాత్రం ఉలిక్కిపడింది. అప్పట్నుంచి అదే ఆలోచన: ముందే చదవడం వల్ల నాకు ఎక్కలేదా, లేక సినిమాయే తేలిపోయిందా? మాంగా హారర్‌ని మనుషులతో తీస్తే ఇంతేనా? బాగా వచ్చినవి ఏమైనా ఉంటే చెప్పండి.

సెకండ్ షో

బ్రో, ఆ సినిమాని కొంచెం జాలిగా చూడాలి. మాంగా బిగ్ కామిక్ స్పిరిట్స్ పత్రికలో 1998, 99లలో వచ్చింది. సినిమా 2000 ఫిబ్రవరిలో థియేటర్లకి వచ్చేసింది. అంటే వీళ్ళు స్క్రిప్ట్ రాసుకునేటప్పటికి అక్కడ కథ ముగియలేదు. మాంగా చివర్లో చెరువు కింద కనిపించే నగరం సినిమాలో ఎందుకు లేదంటే కారణం అదే. ముగింపు తెలియని కథకి ముగింపు తీయమంటే ఎవరైనా తడబడతారు.

నేను సినిమానే ముందు చూశాను, నాకు నచ్చింది. భయం వేసిందా అంటే లేదు, ఒప్పుకుంటాను. కానీ సినిమా అంతా పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంటుంది చూడండి, ఊరు ఊరే నీళ్ళ అడుగున ఉన్నట్టు. దర్శకుడు హిగుచిన్‌స్కీ మ్యూజిక్ వీడియోలు తీసిన మనిషి. ఫ్రేముల వెనకాల ఎక్కడెక్కడో చిన్న చిన్న సుళ్ళు దాచిపెట్టాడు. అవి వెతుక్కుంటూ చూడండి, వేరే సినిమాలా ఉంటుంది.

పిల్లిమీసం

మనకి సుడి అంటే అదృష్టం. వాళ్ళకి సుడి పట్టిందంటే ఊరు ఖాళీ. సినిమాకి ఏ సుడీ లేదు, అదీ సమస్య.

గీతలగాడు

నేను కొంచెం బొమ్మలు వేస్తాను కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతానండీ.

జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదువుతారు. ఎడమ పేజీలో అట్టడుగు, చిట్టచివరి ప్యానెల్ (బొమ్మ గడి) దగ్గర పాత్ర ఏదో చూస్తుంది. ఏం చూసిందో మనకి చూపించరు. పేజీ తిప్పాలి. తిప్పగానే కుడి పేజీలో అది ఉంటుంది. ఇటో భయపెట్టేది ఎక్కువగా ఆ చోటే. పేజీ తిప్పింది మన చెయ్యే, అంటే చూడాలని నిర్ణయించుకున్నది మనమే. వద్దనుకుంటే పుస్తకం మూసేయొచ్చు, కానీ మూయం. ఇక చూశాక ఎంతసేపు చూడాలో కూడా మన ఇష్టం. సినిమాలో ఆ సమయం దర్శకుడి చేతిలో ఉంటుంది. రెండు సెకన్లు చూపించి తీసేశాడనుకోండి, ఏం చూశామో అర్థం కాదు. పది సెకన్లు చూపిస్తే అది రబ్బరు బొమ్మని తెలిసిపోతుంది.

రెండోది గీత. ఇటో ముందు పళ్ళు కట్టే టెక్నీషియన్‌గా పనిచేశాడు. ఆ వేళ్ళ ఓపిక బొమ్మల్లో కనిపిస్తుంది. ఒక్క వెంట్రుకనీ వదలకుండా, చర్మం మడత మీద మడత సన్నటి గీతలతో నింపుతాడు. నలుపు తెలుపు కాబట్టి మామూలు ముఖమూ, మెలి తిరిగిన ముఖమూ ఒకే సిరాతో పుడతాయి, రెండూ ఒకేలా నిజం. సినిమాలో నటుడు ఒక పదార్థం, గ్రాఫిక్స్ ఇంకో పదార్థం. 2000 నాటి గ్రాఫిక్స్ అయితే అతుకు మరీ కనబడుతుంది. సెకినో అనే అమ్మాయి జుట్టు సుళ్ళు తిరిగి పైకి లేస్తుంది కదా, కాగితం మీద అది ఆమె ప్రాణం తాగేస్తున్నట్టుంటుంది. తెర మీద విగ్గు.

అందుకని లోపం మీది కాదు.

తెరవెనుక

గీతలగాడు గారు చెప్పింది నిజమే కానీ, అది తప్పించుకోలేని శాపం అనుకోను. 'ఐ యామ్ ఎ హీరో' అనే జాంబీల సినిమా చూడండి, 2016లో వచ్చింది, దర్శకుడు షిన్‌సుకె సాతో. అది కూడా స్పిరిట్స్‌లో వచ్చిన మాంగానే, కెంగొ హనజావాది.

మొదట్లో ఒక సీన్ ఉంది. హీరో తన గర్ల్‌ఫ్రెండ్ ఇంటికి వెళ్తాడు. తలుపు తియ్యదు. ఉత్తరాలు వేసే సన్నటి కంత లోంచి లోపలికి చూస్తాడు. మంచం మీద ఆమె. అంతే, మనకి కనబడేది ఆ కంత పట్టినంతే. పేజీ తిప్పడం అన్నారు కదా, ఇక్కడ ఆ పని కంత చేస్తుంది. వంగి చూడాలనుకున్నది హీరో, వాడితో పాటు మనం. ఇంకో ముచ్చట: వాడి దగ్గర లైసెన్సున్న తుపాకీ ఉంటుంది, చట్టం అంటే భయం కాబట్టి కాల్చడు. సినిమా చివరికొచ్చేదాకా కాల్చడు! ఆ ఓపిక ఉజుమాకి సినిమాకి లేదు, ప్రతి పది నిమిషాలకీ ఒక వింత చూపించెయ్యాలన్న తొందర.

అర్ధరాత్రి చదువరి

అందరికీ థాంక్స్. సెకండ్ షో బ్రో, దాచిన సుళ్ళ కోసం మళ్ళీ కాసేపు చూశాను. మూడు దొరికాయి. సినిమా తీసేటప్పటికి మాంగా ముగియలేదన్న సంగతి నాకు తెలియదు, ఆ విషయంలో సినిమా మీద కోపం తగ్గింది. వాషింగ్ మెషీన్ విషయంలో మాత్రం తగ్గలేదు.

గీతలగాడు గారి మాట పట్టుకుని నిన్న ఒక పని చేశాను. మొదటి సంపుటం చెల్లికిచ్చి, నేను ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఎదురుగా కూర్చున్నాను. తొట్టి ఇంటికొచ్చే చోటు దాకా గబగబా చదివింది. తర్వాత నెమ్మదించింది. పేజీ తిప్పింది, వెంటనే వేలు మధ్యలో ఉంచి పుస్తకం మూసేసింది. కాసేపాగి మళ్ళీ తెరిచింది, ఈసారి పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని.

"ఇంత బాగా ఉన్నదాన్ని వదిలేసి వాషింగ్ మెషీన్ ఎందుకు పెట్టారు?" అంది.

రెండో సంపుటం తన గదిలోకి పట్టుకుపోయింది, ఇంకా తిరిగివ్వలేదు. ఈలోగా ఆ కంత సినిమా చూస్తాను, ఒక్కణ్ణే.