పాలీహౌస్‌లో క్యాప్సికం పూత రాలిపోతోంది, వెలుతురు చాలకేనా?

చేవెళ్ల రైతు: అరెకరంలో రంగు క్యాప్సికం వేశాను. ముసురు పట్టినప్పటి నుంచి చెట్లు పైకి సాగుతున్నాయే గాని కాపు లేదు. కణుపుకీ కణుపుకీ మధ్య బెత్తెడు పైనే ఉంటోంది, ఆకు పల్చబడింది, పువ్వు ముట్టుకుంటే కాడతో సహా ఊడొస్తోంది. ఎండాకాలంలో లోపల వేసిన 50 శాతం నల్ల షేడ్ నెట్ ఇంకా అలాగే ఉంది. మందుల షాపాయన కాల్షియం, బోరాన్ కొట్టమంటున్నాడు. కొట్టమంటారా?

పాలీ శీను: ముందు నెట్ లాగెయ్ అన్నా, మందు సంగతి తర్వాత. మంచి ఎండలో బయట వెలుతురు లక్ష లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) దాకా ఉంటుంది, ముసురులో 15 వేలే ఉందనుకో. దుమ్ము, పాకుడు పట్టిన పాత ప్లాస్టిక్ అందులో మూడో వంతు తినేస్తుంది, మిగిలిన 10 వేలలో సగం నీ నెట్ ఆపేస్తుంది. ఆ 5 వేలతో చెట్టు తన ఆకుల్నే సాకలేక ముందు పువ్వుని వదిలించుకుంటుంది. దానికి బోరాన్ ఏం చేస్తుంది?

ఉద్యాన డిగ్రీ: శీను గారు చెప్పింది నిజమే గాని రాత్రి వేడి కూడా చూడండి. పగలు వెలుతురు తక్కువై, రాత్రి 24 డిగ్రీలు దాటితే పగలు తయారైన కాస్త పిండిపదార్థం కూడా శ్వాసక్రియకే పోతుంది. సాయంత్రం పక్క కర్టెన్లు ఎత్తి ఉంచండి. డ్రిప్‌లో నత్రజని తగ్గించండి, లేకపోతే ఇంకా సాగుతాయి. మెత్తటి బ్రష్‌తో, సబ్బు నీళ్లతో పైకప్పు కడిగించండి, గరుకుదాంతో తోమితే షీట్ గీతలు పడి మొదటికే మోసం.

చేవెళ్ల రైతు: నెట్ తీసేశాక మబ్బు విడిచి ఒక్కసారిగా ఎండ కాస్తే? పోయినేడు పక్క తోటలో కాయల మీద తెల్ల మచ్చలు పడి గ్రేడింగ్‌లో సగం పోయాయి.

పాలీ శీను: పూర్తిగా పీకెయ్యకు, తీగ మీద జరిగేలా కట్టు. మబ్బుంటే ముడిచెయ్, చుర్రుమంటే మధ్యాహ్నం ఓ మూడు గంటలు పరువు. అది తీరిక లేనోళ్ల పని కాదనుకో, మనిషి ఉండాలి.

కొత్త సాగుదారు: ఎల్ఈడీ లైట్లు పెడితే?

ఉద్యాన డిగ్రీ: నెదర్లాండ్స్ వాళ్లు ఒక శాతం వెలుతురు తగ్గితే ఒక శాతం దిగుబడి పోయినట్టే అని లెక్క వేసుకుంటారు, అక్కడ చలికాలం పగలు ఎనిమిది గంటలే కాబట్టి లైట్లు తప్పవు. మనకి ఆ కరెంటు బిల్లుకి కాయ ధర సరిపోదు. ప్లాస్టిక్ కడగడం చవక.

చేవెళ్ల రైతు: సరే, రేపు వాన తెరిపిస్తే కడిగిస్తా. నెట్ ఇప్పుడే ఒక పక్క ముడిచాను.