రెండో పిక్ ఇచ్చేద్దామా, ఉంచుకుందామా? షార్క్స్ అభిమానుల పంచాయితీ

శ్రీను (శాన్‌హోసే), 2025 మే 6

నిన్న ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్ లాటరీ, అంటే కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వరసలో ఏ జట్టుకి ఎన్నో వంతు (పిక్) అని తేల్చే లాటరీ, చూసినవాళ్ళకి నా బాధ చెప్పక్కర్లేదు. నంబర్లు వేసిన బంతులు పద్నాలుగు గిర్రున తిరిగాయి, నాలుగు బయటికొచ్చాయి, మన కొంప ముంచాయి. 82 మ్యాచుల్లో 52 పాయింట్లు తెచ్చుకుని లీగ్ మొత్తానికీ అడుగున పడ్డ మన శాన్‌హోసే షార్క్స్‌కి మొదటి పిక్ వచ్చే అవకాశం 25.5 శాతం. న్యూయార్క్ ఐలాండర్స్‌కి 3.5 శాతం. తగిలింది వాళ్ళకి. మనకి రెండోది.

సరే, పోయిందేదో పోయింది. ఆ రెండో పిక్‌తో జూన్ 27న ఇంకో పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పేరు చదివే బదులు, దాన్ని ఇచ్చేసి అక్టోబర్ నుంచే ఆడగల డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకుంటే తప్పేంటి?

సెంటర్లు (ముందు వరస మధ్యలో ఆడేవాళ్ళు) మనకున్నారు. పోయినేడు మనం తీసుకున్న సెలెబ్రీనీ మొదటి సీజన్లోనే 70 మ్యాచుల్లో 63 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. విల్ స్మిత్ (సినిమా ఆయన కాదు, 2023లో మన నాలుగో పిక్) 45 చేశాడు. ఇప్పుడు మన వంతుకి వచ్చేది మైఖేల్ మీసా అంటున్నారు, అతనూ సెంటరే. డిఫెన్స్ చూస్తేనేమో ఈ సీజన్ మధ్యలోనే సీసీని డల్లాస్‌కి, వాల్మన్‌ని ఎడ్మంటన్‌కి పంపేశాం. ముగ్గురు పెళ్ళికొడుకుల్ని కూర్చోబెట్టి, పల్లకీ మోసే బోయీలు లేరన్నట్టుంది మన పరిస్థితి.

ఐలాండర్స్‌లో నోవా డాబ్సన్ ఉన్నాడు. 25 ఏళ్ళు, కుడిచేతి డిఫెన్స్‌మన్, 2023-24లో 70 పాయింట్లు. కాంట్రాక్ట్ ఈ వేసవితో అయిపోతోంది. అలాంటివాడి కోసం రెండో పిక్ ఇస్తానంటే ఎవరు కాదంటారు?

బఫలో జట్టుని చూసైనా బుద్ధి తెచ్చుకోవాలి. 2014లో రైన్‌హార్ట్, 2015లో ఐకెల్, ఇద్దరూ రెండో పిక్‌లే. 2018లో డాలీన్, 2021లో ఓవెన్ పవర్, ఇద్దరూ మొదటి పిక్‌లు. ఇన్ని పెట్టుకుని వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఐకెల్ వేగస్ వెళ్ళి స్టాన్లీ కప్పు (లీగ్ ట్రోఫీ) ఎత్తాడు, రైన్‌హార్ట్ ఫ్లోరిడా వెళ్ళి ఎత్తాడు. కుర్రాళ్ళని పోగేస్తే జట్టు అవదు.

మిల్పిటాస్ మావయ్య, మే 6

శ్రీనూ, 2018లో నువ్వు ఇక్కడ ఉన్నావో లేదో నాకు తెలీదు. నేనున్నాను. ఆ సెప్టెంబర్‌లో ఒట్టావా నుంచి ఎరిక్ కార్ల్‌సన్‌ని తెచ్చారని తెలిసిన రోజు ఆఫీసులో మైసూర్‌పాక్ పంచాను. రెండుసార్లు నోరిస్ ట్రోఫీ (ఏడాది ఉత్తమ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చేది) కొట్టినవాడు మరి. మనం ఇచ్చినవాటి జాబితాలో ఎక్కడో ఒక మూల 2020 మొదటి రౌండ్ పిక్ అని ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. ఏటా ప్లేఆఫ్స్‌కి వెళ్ళే జట్టు పిక్ ఇరవయ్యైదో ముప్ఫయ్యో అవుతుంది, పోతే పోయిందనుకున్నాం.

2019లో వెస్ట్ (లీగ్‌లో పడమటి సగం) ఫైనల్ దాకా వెళ్ళాం కూడా. మరుసటేడు వెస్ట్‌లో ఆఖరు స్థానం. ఆ పిక్ కాస్తా మూడోది అయి కూర్చుంది. ఒట్టావా దానితో టిమ్ స్టూట్సలని తీసుకుంది. మన మైసూర్‌పాక్ తిని వాళ్ళు చెయ్యి కడుక్కున్నారు.

ఇంకో మాట. ఈ సీజన్లో మావాడిని తీసుకుని మన మైదానం ఎస్‌ఏపీ సెంటర్‌కి వెళ్ళాను, పై వరస టికెట్లు. మూడో పీరియడ్‌లో అయిదు గోల్స్ వెనక ఉన్నాం. మా ముందు వరసంతా లేచి వెళ్ళిపోయింది. అప్పుడు పవర్ ప్లే (అవతలి జట్టులో ఒకడు శిక్ష మీద బయట కూర్చునే సమయం) దొరికింది, సొరచేప పాట మొదలైంది, మావాడు ఒక్కడే రెండు చేతులూ బారచాచి సొరచేప నోరులా టపటపా కొడుతున్నాడు. గోల్ రాలేదనుకో. తిరిగొస్తుంటే కారులో అడిగాడు, "నాన్నా, సెలెబ్రీనీని కూడా అమ్మేస్తారా?" అని. హెర్టల్ జెర్సీ కొనిచ్చాను, ఆయన్ని 2024 మార్చిలో వేగస్‌కి పంపారు. అంతకుముందు మైయర్‌ది కొన్నాను, ఆయన్ని న్యూజెర్సీకి పంపారు. ఏడేళ్ళవాడికి కూడా ఈ జట్టు సంగతి అర్థమైపోయింది.

కార్తీక్ (ఒట్టావా), మే 7

మావయ్యగారూ, స్టూట్సలకి మా ఊరి తరఫున థాంక్స్. మైసూర్‌పాక్ బాకీ ఉన్నాం.

కానీ మేమేం తెలివైనవాళ్ళం కాదు, మా బాగోతం కూడా వినండి. 2017 నవంబర్‌లో మాట్ డుషేన్ కోసం కొలరాడోకి మొదటి రౌండ్ పిక్ ఇచ్చాం. 2018ది ఇవ్వాలా, 2019ది ఇవ్వాలా అన్నది మా ఇష్టం. 2018ది నాలుగోది అయింది, దాన్ని ఉంచుకుని బ్రేడీ కచక్‌ని తీసుకున్నాం. మంచి పని చేశాం. 2019ది పోయింది. ఆ ఏడాది మేం లీగ్‌లో ఆఖరు! కావాలని ఓడిపోయే జట్టుకి చివరికి పిక్ అన్నా మిగులుతుంది, మాకు అదీ లేదు. లాటరీలో అదీ నాలుగోదే అయింది, దానితో కొలరాడో బోవెన్ బైరమ్‌ని తీసుకుని 2022లో కప్పు కొట్టింది. డుషేన్‌ని అప్పటికే కొలంబస్‌కి పంపేశాం.

అంతటితో ఆగామా? 2022లో ఏడో పిక్, ఇంకో రెండు పిక్‌లు చికాగోకి ఇచ్చి డెబ్రింకట్‌ని తెచ్చాం. రీబిల్డ్ (కుర్రాళ్ళతో జట్టుని మళ్ళీ కట్టుకోవడం) అయిపోయిందని మా జనం పండగ చేసుకున్నారు. అతను 27 గోల్స్ కొట్టాడు, బాగానే ఆడాడు, కానీ ఇక్కడ ఎక్కువకాలం ఉండేందుకు సంతకం పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ మిషిగన్‌కే, డెట్రాయిట్‌కి వెళ్ళిపోయాడు. ఏడో పిక్ పెట్టి ఒక ఏడాదికి అద్దెకు తెచ్చుకున్నట్టయింది మా పని.

డాబ్సన్ గురించి నేను అడిగేది అదే శ్రీను గారూ. కాంట్రాక్ట్ అయిపోతోందని మీరే అన్నారు. శాన్‌హోసేలో ఎనిమిదేళ్ళు ఉంటానని సంతకం పెట్టిస్తారా ముందు?

గుంటూరు గోంగూర, మే 7

క్షమించాలి, నేను హాకీకి కొత్త. మా అల్లుడు చూస్తుంటే కూర్చుంటున్నాను. ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి కొనుక్కోవచ్చుగా, ఈ పిక్ గొడవంతా ఎందుకు బాబూ?

లహరి, మే 7

@గుంటూరు గోంగూర గారూ, వేలం లేదండీ. పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రాళ్ళని జట్లు వరసలో ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి, ఏడు రౌండ్లు, 32 జట్లు. ఓడిపోయినవాళ్ళకి ముందు వరస. అందరికీ జీతాల మీద పైకప్పు ఉంటుంది, దాన్నే క్యాప్ అంటారు. కొత్త కుర్రాడికి మొదటి మూడేళ్ళు తక్కువ జీతం కాబట్టి మంచివాడు దొరికితే బంగారం.

ఇక శ్రీను గారి మాటకి. మీ ప్రశ్న కొంచెం పక్కకి జరిగిందని నాకనిపిస్తోంది. పిక్ గొప్పదా, ఆటగాడు గొప్పవాడా అని కాదు చూడాల్సింది. వచ్చేవాడి వయసు సెలెబ్రీనీ వయసుతో కలుస్తుందా? సెలెబ్రీనీకి పద్దెనిమిదే. ఈ జట్టు నిజంగా కప్పు కోసం ఆడేసరికి ఇంకో మూడు నాలుగేళ్ళు పడుతుందనుకోండి, అప్పుడు మీరు తెచ్చినవాడు ఎన్నేళ్ళవాడై ఉంటాడు? 25 ఏళ్ళ డాబ్సన్ అయితే ఫరవాలేదు, అప్పటికి 29 దాటడు. 30 ఏళ్ళవాణ్ణి తెస్తే వాంకూవర్‌కి పట్టిన గతే పడుతుంది.

వాంకూవర్ కథ చెప్పనా. 2021లో తొమ్మిదో పిక్, ఇంకా బరువైన కాంట్రాక్టులు మూడు అరిజోనాకి ఇచ్చి ఓలివర్ ఎక్‌మన్-లార్సన్‌ని, గార్లండ్‌ని తెచ్చుకున్నారు. ఎక్‌మన్-లార్సన్‌కి అప్పటికే 30 దగ్గరపడింది, కాంట్రాక్ట్ ఇంకా ఆరేళ్ళుంది. రెండేళ్ళకే డబ్బిచ్చి వదిలించుకున్నారు. ఆ లెక్క 2031 దాకా వాళ్ళ క్యాప్ మీద కూర్చునే ఉంటుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. ఆ తొమ్మిదో పిక్‌తో అరిజోనా తీసుకున్న డిలన్ గెంథర్ ఇప్పుడు యూటాలో గోల్స్ కొడుతున్నాడు.

పిక్ అసలు అమ్మకూడదని నేననను. పోయినేడు మనమే అమ్మాం కదా. వేగస్ నుంచి వచ్చిన మొదటి రౌండ్ పిక్‌ని, కుర్రాడు ఎడ్‌స్ట్రమ్‌ని నాష్‌విల్‌కి ఇచ్చి గోలీ (గోల్‌కీపర్) అస్కారొవ్‌ని తెచ్చాడు మన మేనేజర్ గ్రియర్. అస్కారొవ్‌కి 22. వయసు కుదిరింది, ఇచ్చింది ఎక్కడో చివర్లో వచ్చే పిక్. అలాంటి బేరం రోజుకొకటి చేసినా నాకు అభ్యంతరం లేదు. రెండో పిక్ మాత్రం వేరు. అది ఇంట్లో ఉన్న పట్టుచీర, దాన్నిచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకోకూడదు.

శ్రీను (శాన్‌హోసే), మే 7

లహరి గారూ, పట్టుచీర అని మీరే అనేసుకుంటున్నారు. విప్పి చూస్తే ఏముంటుందో ఎవరికి తెలుసు? ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అందరూ స్టూట్సల, గెంథర్ అని గొప్ప పేర్లే చెప్తున్నారు. 2017లో అరిజోనా ఏడో పిక్ న్యూయార్క్ రేంజర్స్‌కి ఇచ్చి స్టెపన్‌ని, గోలీ రాంటాని తెచ్చుకుంది. రేంజర్స్ ఆ పిక్‌తో లియాస్ ఆండర్సన్‌ని తీసుకున్నారు. పేరు విన్నారా ఎప్పుడైనా? అదన్నమాట.

కార్తీక్ గారి ఏడో పిక్ సంగతీ అంతే. చికాగో దానితో తీసుకున్న కోర్చిన్‌స్కీ ఈ ఏడాది ఎక్కువగా రాక్‌ఫర్డ్‌లోనే, చిన్న లీగ్‌లో ఆడాడు. డెబ్రింకట్ అయితే కనీసం 27 గోల్స్ ఇచ్చి పోయాడు.

కార్తీక్ (ఒట్టావా), మే 8

కోర్చిన్‌స్కీ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. గుచ్చుకుంది.

కానీ ఏడు వేరు, రెండు వేరు సార్. మీసా ఈ ఏడాది సాగినా జట్టుకి 65 మ్యాచుల్లో 134 పాయింట్లు చేశాడు, అందులో 62 గోల్స్. ఒంటారియో జూనియర్ లీగ్ మొత్తానికి టాప్. పదిహేనేళ్ళకే ఆ లీగ్‌లో ఆడేందుకు ప్రత్యేక అనుమతి తెచ్చుకున్న కుర్రాడు. ఇతను సోమలింగం కాదు, అమ్మ కడుపులోంచి వచ్చి తొమ్మిదో తరగతి దాటేశాడు.

నాగ్, డల్లాస్, మే 8

మధ్యేమార్గం: కొంచెం కిందకి దిగితే? రెండో పిక్ ఇచ్చి అయిదోది, దానితోపాటు ఇంకో పిక్ తీసుకుని, ఆ అదనపు పిక్‌తో డిఫెన్స్‌మన్‌ని కొనొచ్చు. 2008లో ఐలాండర్స్ అయిదు నుంచి ఏడుకి, ఏడు నుంచి తొమ్మిదికి దిగి జాష్ బెయిలీని తీసుకోలేదూ?

మిల్పిటాస్ మావయ్య, మే 8

నాగ్ బాబూ, ఆ అయిదుకి ఎక్కింది టొరంటో, ల్యూక్ షెన్ కోసం. అప్పట్నుంచి ఐలాండర్స్ ఏం ఒరగబెట్టారో కూడా చెప్పు. మెట్లు దిగడం ఈజీ, మీసా లాంటివాణ్ణి వదిలి దిగడం ఈజీ కాదు.

శ్రీనూ, నువ్వు చెప్పే బేరం ఐలాండర్స్‌తోనే కదా. వాళ్ళ దగ్గర ఒకటో పిక్ ఉంది. రెండోది కూడా మనమే పళ్ళెంలో పెట్టిస్తే కుర్ర డిఫెన్స్‌మన్ షేఫర్‌ని, మీసాని ఇద్దర్నీ ఎగరేసుకుపోతారు. ఇంకా ఎందుకు, హారతి కూడా పట్టు.

శ్రీను (శాన్‌హోసే), మే 8

😂 సరే, హారతి మాట బానే ఉంది. కానీ గోల్స్ ఆపేవాడెవడు? దానికి జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు. పోయినేడు మనం తీసుకున్న శామ్ డికిన్సన్ వస్తాడంటారా, డిఫెన్స్‌మన్ ముదరడానికి ఏళ్ళు పడుతుంది.

లహరి, మే 8

జవాబు డబ్బు. పిక్ కాదు.

క్యాప్ ఈ సీజన్లో 8.8 కోట్ల డాలర్లు. వచ్చే సీజన్‌కి 9.55 కోట్లు, ఆ పైన 10.4, ఆ తర్వాత 11.35. జనవరిలోనే లీగ్ ప్రకటించింది. మన జీతాల పట్టీ ఖాళీగా ఉంది. జులై 1న, కాంట్రాక్ట్ అయిపోయినవాళ్ళు ఏ జట్టుకైనా వెళ్ళగలిగే రోజున, ఇద్దరు అనుభవమున్న డిఫెన్స్‌మన్‌లని ఒకటి రెండేళ్ళకి డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు. గొప్పవాళ్ళు రారు, ఎవరొస్తారు అడుగున ఉన్న జట్టుకి? కానీ కుర్రాళ్ళు రోజూ ఆరు గోల్స్ తినకుండా కాపాడటానికి చాలు. వాల్మన్‌ని కూడా అలాగే ఊరికే వచ్చినవాణ్ణి ఎడ్మంటన్‌కి మొదటి రౌండ్ పిక్‌కి అమ్మలేదూ? తెచ్చేటప్పుడు డెట్రాయిటే ఎదురు ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చింది మనకి!

నిర్వాహకుడు, మే 9

బఫలో అభిమానుల్ని పేరు పెట్టి తిడుతున్న రెండు పోస్టులు తీసేశాను. వాళ్ళ బాధ వాళ్ళకి చాలు.

శ్రీను (శాన్‌హోసే), జూన్ 28

ఈ పాత చర్చని మళ్ళీ పైకి తెస్తున్నా. రెండో పిక్‌తో మీసానే. ఐలాండర్స్ షేఫర్‌ని తీసుకున్నారు.

నేను చెప్పిన డాబ్సన్ కూడా నిన్ననే అమ్ముడుపోయాడు. మాంట్రియల్‌కి. ధర: 16, 17వ పిక్‌లు, ఎమిల్ హైన్‌మన్. అంటే నేను రెండో పిక్ ఇస్తానన్న సరుకు పదహారు, పదిహేడుకి పోయింది. వెళ్ళగానే ఎనిమిదేళ్ళ కాంట్రాక్ట్ కూడా. ఒకటి ఒప్పుకుంటున్నాను, నేను రేటు మరీ ఎక్కువ పెట్టాను. కానీ వాళ్ళు 25 ఏళ్ళ డిఫెన్స్‌మన్ కోసం పిక్‌లు ఇచ్చారా లేదా? ఇచ్చారు. సూత్రం నాదే గెలిచింది.

కార్తీక్ (ఒట్టావా), జూన్ 28

మాంట్రియల్ ఈ ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ ఆడిన జట్టు సార్. రీబిల్డ్ గుమ్మం దాటాక ఖర్చు పెట్టారు. మీరు పునాది తవ్వుతుండగానే ఏసీ బిగిద్దామన్నారు. పైగా ఆ 16తో ఐలాండర్స్ తీసుకున్నది ఎవరో చూశారా? విక్టర్ ఎక్లుండ్. మీ షార్క్స్‌లో ఆడే విలియమ్ ఎక్లుండ్ తమ్ముడు.

లహరి, జులై 5

మనకి ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు వచ్చారు. ఓర్లోవ్ రెండేళ్ళకి, ఏడాదికి 65 లక్షల డాలర్లు. క్లింగ్‌బర్గ్ ఒక ఏడాదికి 40 లక్షలు. పిక్ ఒక్కటి కూడా పోలేదు. ఊరికే చెప్తున్నా.

శ్రీను (శాన్‌హోసే), జులై 5

ఓర్లోవ్‌కి 33. వయసు కలవాలన్నారుగా?

లహరి, జులై 5

అది పిక్ ఇచ్చి తెచ్చుకున్నవాడికి. అద్దెకు తెచ్చినవాడి జాతకం ఎవరు చూస్తారండీ.

మిల్పిటాస్ మావయ్య, జులై 6

మావాడు కొత్త జెర్సీ అడుగుతున్నాడు, మీసాదే కావాలట. ఇంకా సరిగ్గా మీసం రాని కుర్రాడికి మీసా అని పేరేంట్రా అంటే నవ్వుతాడు. రెండు జెర్సీలకి డబ్బు తగలేశాక ఈసారి నేను తొందరపడదల్చుకోలేదు, క్రిస్మస్ దాకా ఆగమన్నాను. శ్రీనూ, నువ్వు ఎస్‌ఏపీ సెంటర్‌కి వచ్చేటప్పుడు ఫోన్ చెయ్, పై వరసలో రెండు సీట్లు ఎప్పుడూ ఖాళీయే.