అప్‌డేట్: 42 మంది పిల్లలకు ఒక్క మైక్రోస్కోప్ అన్న కదా, ఏమైందంటే

పోయిన నెల అడిగిన కదా, నల్గొండ దగ్గర మా ఊరి బడిల ఎనిమిదో తరగతి 42 మంది, మైక్రోస్కోప్ ఒక్కటే, దాని అద్దం కూడ పగిలింది, తక్కువ ఖర్చుల కణం ఎట్ల చూపియ్యాలె అని. మీరు చెప్పిన ఫోల్డ్‌స్కోపే తెప్పిచ్చిన. స్టాన్‌ఫర్డ్‌ల మను ప్రకాశ్ టీమ్ చేసిన కాగితం మైక్రోస్కోప్, చిన్న గోళీ లాంటి లెన్స్, 140 రెట్లు పెద్దగ చూపిస్తది. మడుచుడుకే ఒక పీరియడ్ పట్టింది.

ఉల్లిగడ్డ లోపలి పొర పల్సగ తీసి, మెడికల్ షాపుల టించర్ అయోడిన్ నీళ్లల్ల కలిపి ఒక చుక్క ఏసి, రెండు నిమిషాలు ఆగి కవర్ స్లిప్ (పైన కప్పే పల్సటి బిళ్ల) పెట్టినం. మొదట్ల అంత గాలి బుడగలే, నల్ల అంచులతోటి గుండ్రంగ, పిల్లలు అవే కణాలనుకున్నరు. కవర్ స్లిప్ ఒక అంచు ముందు ఆనిచ్చి మెల్లగ దించితే పోయినయ్. అప్పుడు ఎనక బెంచి పిల్ల ఒకామె "ఇటుకల గోడ లెక్కుంది సార్, నడిమిట్ల చుక్క ఏంది?" అన్నది. కేంద్రకం! పుస్తకంల బొమ్మ గీయనీకి పన్నెండేండ్ల సంది చెప్తున్న నేను, ఆ ప్రశ్న ఎవ్వరు అడగలే, నిజంగ కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

చెరువు నీళ్ల చుక్క చూసుడే ఇంక కుదర్లే, అండ్ల చిన్న జీవులు ఉరుకుతున్నయ్. నాలుగు దూది పోగులు ఏస్తే వాటి నడుమ చిక్కి నెమ్మదిస్తయన్నరు కదా, సోమవారం అది చేస్త.