‘హిబా’, ‘దానం’ ఒకటేనా?

ప్రశ్న (గాజువాక): తండ్రి బతికుండగానే ఒక కొడుక్కి ఇల్లు రాసిచ్చాడు. దస్తావేజులో ‘దాన సెటిల్‌మెంటు’ అని ఉంది, ఇంట్లోవాళ్లు ‘హిబా’ (ముస్లిం చట్టంలో, బతికుండగానే ఊరికే ఇచ్చేయడం) అంటున్నారు. మిగతా పిల్లలకి ఏమీ ఇవ్వలేదు. చెల్లుతుందా?

జవాబు: పేరు ఏదైనా పర్లేదండీ. హిబాకి కావలసినవి మూడు: ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం. మూడోది లేకపోతే రిజిస్టరు చేసినా దండగే. ఉంటే తెల్లకాగితం మీద రాసినా నిలుస్తుంది. 1968లో ఒక తండ్రి తన కొడుకుల్లో ఒకరికి రాసిన హిబా మీద మన విశాఖ కోర్టులో మొదలైన తగాదాలో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది అదే. అలవాటుకొద్దీ ‘నా తదనంతరం నీకు చెందును’ అని రాయించకండి. అప్పుడది హిబా కాదు, వసియ్యత్ (వీలునామా). వారసుడికి వసియ్యత్ రాస్తే తక్కిన వారసులు ఒప్పుకోవాలి. ఇంటిపన్ను జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) కొడుకు పేరుకి మార్పిస్తే స్వాధీనానికి మంచి రుజువు.

ఇంకొకరు: చెల్లడం వేరు, తప్పు లేకపోవడం వేరు భాయ్. ప్రవక్త సహచరుడు బషీర్ తన ఒక కొడుకు నుమాన్‌కి బానిసనిచ్చి, ప్రవక్త (స) గారిని సాక్షిగా ఉండమన్నారు. ‘పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా?’ అని అడిగారాయన. లేదనేసరికి, పిల్లల మధ్య న్యాయం పాటించమన్నారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు (ప్రవక్త మాటల) సంకలనాల్లోనూ ఉంది. హంబలీ మజ్హబు (ఇస్లామీ న్యాయశాఖ) వాళ్లు దీన్ని తప్పనిసరి అంటారు, తక్కిన మజ్హబుల్లో ఎక్కువమంది మంచిదంటారు. కొడుక్కీ కూతురికీ చెరిసమానమా, వారసత్వంలోలా రెండుకొకటా అన్నదాంట్లోనూ భేదముంది. చెరిసమానమే హదీసు మాటకి దగ్గరని నా అభిప్రాయం.

ప్రశ్న: అయితే ఇచ్చింది వెనక్కి తీసుకోవాలా?

జవాబు: మన దగ్గర ఎక్కువమంది హనఫీలు కదా. ఆ ఫిఖ్హ్‌లో (ధర్మశాస్త్రంలో) స్వాధీనం చేశాక బిడ్డ నుంచి వెనక్కి తీసుకోవడం కుదరదు, మిగతావాళ్లకి ఇచ్చి సరిచేయాలి. షాఫయీల దగ్గర తండ్రికి ఆ వీలుంది. మిగతావాళ్లకి ఇచ్చి సరిచేసేదీ మరణవ్యాధిలో (ప్రాణం తీసే ఆఖరి జబ్బులో) పడకముందే చేయాలి. ఆ జబ్బులో ఇచ్చిన హిబాకి వసియ్యత్ కట్టుబాట్లే వస్తాయి. వారసులు కానివాళ్లకైతే ఆస్తిలో మూడోవంతు దాటకూడదు, వారసుడికైతే మళ్లీ అందరి ఒప్పుకోలూ కావాలి.

ప్రశ్న: చదువు ఫీజులూ లెక్కలోకొస్తాయా?

జవాబు: రావు. ఫీజు, వైద్యం పోషణ కిందకొస్తాయి, ఎవరి అవసరం వాళ్లది. ఒకడికి ఇంజినీరింగ్ ఫీజు కట్టారని పదో తరగతి పిల్లకి అంతే సొమ్ము చేతిలో పెట్టనక్కర్లేదు. కానీ ఒకడికే కారు కొనిస్తే అది హిబా. ఆడపిల్లకి పెళ్లిలో బంగారం పెట్టాం, వాటా తీరిపోయిందనే మాట మన వీధుల్లో బాగా వినిపిస్తుంది. తీరదు. తండ్రి పోయాక ఆమె వారసత్వపు వాటా ఆమెదే.