చిల్లర వ్యాపారంలో విదేశీ పెట్టుబడి: దళారులు నిజంగా తొలగిపోతారా?

చర్చనీయాంశం: బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలోకి విదేశీ సంస్థలను అనుమతిస్తే రైతుకు మెరుగైన ధర దక్కుతుందా?

మొదటి అభిప్రాయం: తప్పకుండా దక్కుతుంది. 2012 సెప్టెంబరులో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించిన భారత ప్రభుత్వం, కనీసం 10 కోట్ల డాలర్లు తేవాలనీ, అందులో సగాన్ని మూడేళ్లలోగా శీతల గిడ్డంగులు, రవాణా, ప్యాకింగ్ వంటి వసతులపై వెచ్చించాలనీ షరతు పెట్టింది. నిల్వ వసతి లేక పంట కుళ్లిపోతున్నప్పుడు ఇంతకన్నా ఏం కావాలి?

రెండో అభిప్రాయం: గిడ్డంగులు కావాలనడంలో నాకూ భేదాభిప్రాయం లేదు. అయితే రైతు నష్టపోయేది నిల్వ దగ్గర మాత్రమే కాదు, సరుకు అప్పగించే క్షణంలో కూడా. టమాటా లోడు సేకరణ కేంద్రానికి చేరాక పరిమాణం చాలలేదనో, రంగు తిరగలేదనో అందులో కొంత భాగాన్ని తిప్పి పంపితే, అప్పటికి మార్కెట్ యార్డులో వేలం ముగిసిపోయి ఉంటుంది. మిగిలిన సరుకును అయినకాడికి అమ్ముకోవడం తప్ప రైతుకు దారి ఉండదు. పలువురు దళారుల స్థానంలో ఒకే పెద్ద కొనుగోలుదారు నిలిచినప్పుడు ఈ ఇబ్బంది తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. 30 శాతం కొనుగోళ్లు చిన్న పరిశ్రమల నుంచే జరపాలన్న నిబంధన సైతం తయారైన, శుద్ధి చేసిన వస్తువులకే వర్తిస్తుంది గనుక పచ్చి సరుకు పండించేవారికి దానివల్ల రక్షణ లేదు.

వినియోగదారుకు మేలు జరుగుతుందన్న మాట నిజమే. మెక్సికోపై 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో విదేశీ దుకాణాల రాకతో కుటుంబాల జీవన వ్యయం తగ్గినట్లు తేలింది. కానీ సంప్రదాయ దుకాణదారుల ఆదాయం తగ్గిందనీ, పేదలకన్నా సంపన్నులకే ఎక్కువ లాభం కలిగిందనీ అదే అధ్యయనం చెప్పింది.

మొదటి అభిప్రాయదారు: అలాగైతే అనుమతే ఇవ్వకూడదంటారా?

రెండో అభిప్రాయదారు: అలా అనను. స్వదేశీ గొలుసు దుకాణాలు కూడా ఇదే పద్ధతిలో కొనగలవు కాబట్టి, యజమాని ఏ దేశస్థుడన్న దానికన్నా కొనుగోలు ఒప్పందంలో ఏముందన్నదే నాకు ముఖ్యం. త్వరగా పాడయ్యే వ్యవసాయ ఉత్పత్తులకు 30 రోజుల్లోగా డబ్బు చెల్లించాలనీ, చివరి క్షణంలో ఆర్డరు రద్దు చేయరాదనీ ఐరోపా సమాఖ్య 2019లో పెద్ద కొనుగోలుదారులను కట్టడి చేసింది. అటువంటి చట్టాన్ని ముందుగా తెచ్చి, నాణ్యత పరీక్ష పొలం దగ్గరే జరగాలనీ, అక్కడ అంగీకరించిన సరుకును తర్వాత తిరస్కరించరాదనీ అందులో చేర్చితే, విదేశీ పెట్టుబడిని నేను వ్యతిరేకించను.