సెలవుల్లో గుజ్జు ఫ్యాక్టరీకా, అమీర్‌పేటకా?

బంగారుపాళ్యం కుర్రోడు:
అన్నలూ అక్కలూ, తిరుపతిలో హాస్టల్లో ఉండి ఈసీఈ, అదే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు, చదవతా ఉండాను. మూడో ఏడు పరీక్షలు అయిపోయినాయి. కాలేజీ తెరిచేదానికి ఆరు వారాలు ఉంది. అమ్మేమో అమీర్‌పేటకు పోయి ఫుల్‌స్టాక్ కోడింగు నేర్చుకో అంటుంది. ఎదురింటి పిల్లోడు అట్లే పోయి ఉద్యోగం కొట్టినాడంట. ఫీజు 22 వేలు, హాస్టలు, తిండి వేరే. మా మామ ఊరి పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సీజనుకు రారా, రోజుకు 600 ఇప్పిస్తా, ఇంటర్న్‌షిప్ కాగితం కూడా ఇప్పిస్తా అంటాడు. కాలేజీలో ఎట్లాగూ ఇంటర్న్‌షిప్ చూపించాల. ఈసీఈ చదివి మామిడికాయల కాడికి పోతే నవ్వరా? మీరైతే ఏం చేస్తారు?

సప్తగిరి ఎక్స్‌ప్రెస్:
తమ్ముడూ, ఫ్యాక్టరీ మాట మర్చిపో. కాలేజీ తెరిస్తే క్యాంపస్ డ్రైవ్‌లు మొదలవుతాయి. ముందు ఆప్టిట్యూడ్, ఆ తర్వాత కోడింగ్. ఆడ మామిడికాయ సంగతి ఎవడూ అడగడు. అట్లని అమీర్‌పేటకు కూడా పోబళ్లేదు. నేను పోయినాను. మైత్రీవనం వెనక సందులో ఆరుగురికి ఒక రూము. పొద్దున గంటన్నర క్లాసు, తర్వాత ఫ్యాను కింద పడుకునేది. నాకు వచ్చిందేమన్నా ఉంటే అది రాత్రిళ్ళు సొంతంగా కూర్చోని రాసుకున్న ప్రోగ్రాముల వల్లే. వాటిని మీ ఊర్లో కూడా రాయచ్చు, కరెంటు ఉంటే.

ప్యానల్ బోర్డు:
'మామిడికాయల కాడికి' అన్న మాట దగ్గర నాకు కాలింది. నేనూ ఈసీఈనే. తొమ్మిదేళ్ళుగా ఇట్లాంటి ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తా ఉండాను. మాగిన కాయ కడిగి, టెంక తీసి, గుజ్జు జల్లించి, కాచి, చల్లార్చి, గాలి తగలకుండా 215 కిలోల డ్రమ్ములోకి నింపుతారు. కాచే చోట వేడి పెట్టిన అంకె కంటే తగ్గిందంటే వాల్వు దానంతట అదే తిరిగి గుజ్జును వెనక ట్యాంకుకు మళ్ళిస్తాది. మనిషి చెయ్యి పడదు. ఆ వేడిని కొలిచేది పీటీ-100 అనే సెన్సారు, వేడిని బట్టి దాని రెసిస్టెన్సు మారతాది. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, నూరు డిగ్రీల దగ్గర 138.5. ఆ తేడా ట్రాన్స్‌మిటర్లో 4 నుంచి 20 మిల్లీఆంప్స్ కరెంటు అయ్యి, లైనును నడిపే కంప్యూటరు పీఎల్‌సీకి పోతాది. నువ్వు పరీక్ష రాసి మర్చిపోయిన కంట్రోల్ సిస్టమ్స్ అంతా ఆడ ఉడుకుతా ఉంటాది. నవ్వేవాళ్ళను నవ్వనీ.

క్రేట్ల లెక్క:
అన్నా, మీరు చెప్పింది నిజమే. ఆ పీఎల్‌సీ ఉండే ప్యానల్ రూము తలుపు మాలాంటి పిల్లోళ్ళకు తెరిచేదెవరు? 2025 సీజన్లో నేనూ ఇంటర్న్ అని ఒక ఫ్యాక్టరీకి పోయినా. తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అని పెట్టిన ఏడు అది. గేటు బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. నా చేతికి ఒక పుస్తకం ఇచ్చి, బండ్లు తూచే వేబ్రిడ్జి దగ్గర కూర్చోబెట్టినారు. నలభై రోజులు టోకెన్ నంబరు, బండి నంబరు, తూకం. అంతే. ఒక పెద్దాయన రెండు రాత్రులు ట్రాక్టరు మీదే పండుకోని, పొద్దున్నే ఒక కాయ కోసి నా ముందర పెట్టినాడు. 'లోపల నల్లబడతా ఉంది నాయనా, మా బండి ఎప్పుడు పిలుస్తారు' అన్నాడు. నేనేం చెప్పేది? ప్యానల్ రూము చూసింది ఒక్కసారి, అదీ టీ ఇచ్చేదానికి పోయి. సర్టిఫికెట్లో మాత్రం 'ప్రాసెస్ ఆటోమేషన్' అని ఉంది.

లాగ్‌బుక్ మేడమ్:
కాలేజీలో ఆ కాగితాల మీద సంతకం పెట్టేదాన్ని నేనే. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో డబ్బు కట్టి తెచ్చుకున్నవి చూడగానే తెలిసిపోతాయి. పదిమంది లాగ్‌బుక్కుల్లో ఒకటే వాక్యం, ఒకటే స్పెల్లింగ్ తప్పు. క్రేట్ల బాబూ, నువ్వు వాళ్ళకంటే నయమే గానీ ఒకటి అడుగుతా. వేబ్రిడ్జి కింద ఉండేది లోడ్‌సెల్, బరువును కరెంటు సంకేతంగా మార్చేది. దాని లోపల స్ట్రెయిన్ గేజ్‌లు, వీట్‌స్టోన్ బ్రిడ్జి, అన్నీ మన ఎలక్ట్రానిక్సే. నలభై రోజులు దాని పక్కనే కూర్చుని ఒక్కసారైనా వంగి చూసినావా?

క్రేట్ల లెక్క:
లేదు మేడమ్. ఎండ, ఈగలు, రైతుల తిట్లు. బ్రిడ్జి ఎవరికి గుర్తొస్తాది?

అలిపిరి మెట్లు:
అందరూ గేట్ మర్చిపోయినారు, అదే ఎంటెక్ సీట్లకు రాసే పరీక్ష. దరఖాస్తు ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. కాలేజీ తెరిచినాక ల్యాబులు, ప్రాజెక్టు, డ్రైవ్‌లు. సిగ్నల్స్, నెట్‌వర్క్స్ కుదురుగా చదివేదానికి ఉండేది ఈ ఆరు వారాలే. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు ఉచితం. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినోడు పుస్తకం పట్టడు, నిద్ర పడతాడు.

ఇద్దరు బిడ్డల తండ్రి:
ఆ 22 వేలు యాడినుంచి వస్తాయో అమ్మను అడిగినావా బాబూ? ఆ 2025లో పెట్టిన కిలో 12 లెక్కన చూసినా దగ్గర దగ్గర రెండు టన్నుల కాయ తోలాల. కోత కూలి, బండి బాడుగ తీయకముందే.

ప్యానల్ బోర్డు:
క్రేట్ల తమ్ముడి మాట ఒప్పుకుంటా. సీజను నడిమధ్య నేర్పేదానికి ఎవరికీ తీరదు. అందుకే, కుర్రోడా, మీ మామ మాట నమ్ముకోని పోవద్దు. మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని నువ్వే కలువు. లైను ఆపి పైపులు కడిగే టైములో, దాన్ని సీఐపీ అంటారు, నన్ను పెట్టుకోండని అడుగు. చాలాచోట్ల అది రాత్రిపూటే. సెన్సార్లు, వైర్లు చూసేది అప్పుడే. కూలి తగ్గిస్తామన్నా ఒప్పుకో.

సప్తగిరి ఎక్స్‌ప్రెస్:
అన్నా, కూలి తగ్గించుకోమనేది మాత్రం తప్పు. రాత్రి మేలుకున్నందుకు ఇంకో వంద ఎక్కువియ్యాల. మీలాంటోళ్ళు ఒప్పుకోబట్టే ఇంటర్న్ అంటే ఊరికే వచ్చే మనిషి అయిపోయినాడు.

ప్యానల్ బోర్డు:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా.

బంగారుపాళ్యం కుర్రోడు:
ఇయ్యాళ పోయి వచ్చినా. మామను బయటే ఉండమన్నా. ఇన్‌చార్జి సారు నన్ను పైనుంచి కిందికి చూసి ఒకటే అడిగినాడు: 4 నుంచి 20 అంటారే, సున్నా నుంచి 20 ఎందుకు పెట్టలేదు? మూడేళ్ళు చదివినా, నోరు పెగల్లేదు. ఆయనే ఒక ట్రాన్స్‌మిటరు వైరు ఊడదీసి మీటరు చూపించినాడు. సున్నా. 'కొలత అడుగుకు పోయినా 4 ఉంటాది. సున్నా వచ్చిందంటే వైరు తెగిందని అర్థం, గుజ్జు చల్లారిందని కాదు' అన్నాడు. సోమవారం రాత్రి షిఫ్టుకు రమ్మన్నాడు. కూలి అదే 600. గేట్ పుస్తకం పగలు చదువుకుంటా, నిద్ర సంగతి చూడాల.

ఇంకో తలనొప్పి. అమ్మ నాకు చెప్పకుండా అమీర్‌పేట వాళ్ళకు ఫోన్లోనే 5 వేలు అడ్వాన్సు కట్టేసింది. వెనక్కి తెచ్చుకున్నోళ్ళు ఎవరన్నా ఉండారా?

సప్తగిరి ఎక్స్‌ప్రెస్:
నాది ఇంతవరకూ రాలేదు తమ్ముడూ. రసీదు ఉంటే పంపు, చూస్తా.