దక్షులా, సభ్యులా? "ఉపేక్ష సేసిరి" పద్యం గురించి

మత్తకోకిల:
కృష్ణరాయబారంలో పద్యం ఒకటి మొన్నటినుంచి బుర్రలో తిరుగుతోంది, మొత్తం రావడం లేదు. మధ్యలో "సభ్యులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అని వస్తుంది. తిక్కనదే, అందులో అనుమానం లేదు. "సభ్యులు" దగ్గరే ఏదో తేడాగా ఉంది. విదేశాంగ మంత్రి జైశంకర్ 2023 జనవరిలో పుణెలో కృష్ణుడు, హనుమంతుడు అందరికన్నా గొప్ప దౌత్యవేత్తలు అన్నారు కదా, దాని మీద మావాళ్ళతో వాదన నడుస్తోంది. ఎదుగుతున్న దేశం ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ ఊరుకోవాలో చెప్పడానికి మన ఇతిహాసాల్లో ఈ పద్యాన్ని మించింది లేదన్నాను. సరే చదవమంటే ఆ మాట దగ్గర ఆగిపోయాను. సభ్యులేనా, ఇంకేదన్నానా?

శార్దూలం:
దక్షులు, అంటే ఆపగల సత్తా ఉన్నవాళ్ళు. ఉద్యోగపర్వం, తృతీయాశ్వాసం.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షులె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్

"సభ్యులె" అన్నా గణాలు చెడవు, అదే చిక్కు. యతి పదో అక్షరం "బా" దగ్గరే అయిపోయింది, ఈ మాట పద్దెనిమిదో అక్షరం దగ్గర మొదలవుతుంది, కాబట్టి ఛందస్సు కాపలా కాయదు. చెవే కాయాలి. దక్షు, పేక్ష అని ఆ "క్ష" వెంటవెంటనే రెండుసార్లు తగులుతుంది చూడండి, తిక్కన అలాంటివి ఊరికే చేయడు. మీ నోటికి "సభ్యులు" ఎందుకొచ్చిందో కూడా ఊహించగలను. వ్యాసుడి సంస్కృత మూలంలో ఉన్నది "సభాసదః", అంటే సభలో కూర్చున్నవాళ్ళు:

యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ
హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో కూడా ఈ శ్లోకం కనిపిస్తుంది. రెండూ కలిసి మీ జ్ఞాపకంలో ఒకటైపోయి ఉంటాయి.

తేటగీతి:
శార్దూలం గారూ, శబ్దం దగ్గరే ఆగిపోతే ఎలాగండీ. అసలు విశేషం అర్థంలో ఉంది. వ్యాసుడు సభలో కూర్చున్న వాళ్ళందరినీ ఒకే గాటన కట్టేశాడు, కళ్ళెదుట ధర్మం చస్తుంటే చూస్తూ కూర్చున్నవాడు ఎవడైనా చచ్చినవాడే. తిక్కన మిగతావాళ్ళని వదిలేసి, ఆపగలిగి ఆపనివాళ్ళ మీదే వేలు పెట్టాడు. దీన్ని తెచ్చి భద్రతామండలి మీద పెట్టి చూడండి. సభ్యదేశాలు 15. దక్షులు ఐదుగురే, వీటో ఉన్నవాళ్ళు. మనం 1950–51 మొదలు 2021–22 దాకా ఎనిమిది విడతలు అక్కడ తాత్కాలిక సభ్యులుగా కూర్చున్నాం. మనం ఊరుకున్న ప్రతిసారీ వ్యాసుడి లెక్కలో దోషులమే, తిక్కన లెక్కలో అంత దోషం లేదు. శాశ్వత స్థానం కావాలని అడుగుతున్నామంటే మమ్మల్ని సభ్యుల్లోంచి దక్షుల్లోకి మార్చండి అని అడుగుతున్నట్టే కదా. ఆ స్థానం వచ్చిన మర్నాటి నుంచి ఈ పద్యం మనకే వర్తిస్తుంది. స్థానం గురించి ఇంత మాట్లాడేవాళ్ళు ఆ బరువు గురించి మాట్లాడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చంపకమాల:
దక్షుల సంగతి తేలింది కానీ అందరూ "ఉపేక్ష"ని నిర్లక్ష్యం అనుకునే చదువుతున్నారు. ఇప్పటి వాడుకలో అంతే, "జ్వరాన్ని ఉపేక్షించకండి" అంటాం. రాజనీతిలో మాత్రం అది పారిభాషిక పదం. "నీతిసారం" అనే రాజనీతి గ్రంథం రాసిన కామందకుడు సామ దాన భేద దండాలకి మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపి ఉపాయాలు ఏడు అంటాడు. ఉపేక్షకి ఆయన చెప్పిన లక్షణం "అన్యాయే వ్యసనే యుద్ధే ప్రవృత్తస్యానివారణమ్". అన్యాయంలోనో వ్యసనంలోనో యుద్ధంలోనో దిగినవాణ్ణి ఆపకుండా ఉండటం. కావాలనే, లెక్క వేసుకునే ఆపకుండా ఉండటం. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఎవరనుకున్నారు, కీచకుడు! వీడు చస్తే చావనీ అని విరాటుడు ఉపేక్షించాడట.

ఇప్పుడు తిక్కన దగ్గరికి రండి. మంత్రి, పైగా భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. ఆయనకి ఈ మాట రాజనీతిలో బరువెంతో తెలియకుండా ఉంటుందా? మూలంలో ఉన్నది "ప్రేక్షమాణానాం", అంటే చూస్తూ ఉన్నవాళ్ళు, అంతే. ప్రేక్షణాన్ని ఉపేక్షగా మార్చడం అంటే చూపుని విధానంగా మార్చడం. మీరు ఉపాయం అనుకుని చేస్తున్నది మీకే చేటు అని ఆ నిండుసభలో భీష్మద్రోణుల ముందు కృష్ణుడి చేత అనిపించాడు. నా మటుకు నాకు పద్యం మొత్తానికి ఈ మాటే గుండెకాయ.

మత్తకోకిల:
చంపకమాల గారూ, ఇది నాకు కొత్త, చాలా సంతోషం. మరి 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద తీర్మానం వచ్చినప్పుడు 11 ఓట్లు అనుకూలంగా పడ్డాయి, రష్యా వీటో చేసింది, మనం, చైనా, యూఏఈ ఓటింగుకి దూరంగా ఉన్నాం. అది కామందకుడి ఉపేక్షా, తిక్కన ఉపేక్షా? మావాళ్ళతో గొడవంతా ఇక్కడే.

ద్విపద:
దానికి ముందు తిక్కన గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ పద్యం సగమే అర్థమవుతుంది. నెల్లూరు మనుమసిద్ధిని అక్కన, బయ్యన గద్దె దింపినప్పుడు సాయం అడగడానికి ఓరుగల్లులో గణపతిదేవుడి దగ్గరికి వెళ్ళింది తిక్కనే అంటారు. అక్కడ భారతం వినిపించి, చక్రవర్తిని మెప్పించి, సైన్యంతో తిరిగివచ్చాడనీ చెబుతారు. అంటే రాయబారం కథ రాసినవాడు రాయబారం నడిపినవాడు. చిన్న రాజ్యం తరఫున పెద్ద రాజ్యం గుమ్మం ముందు నిలబడినవాడికి దక్షులు ఉపేక్షిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ పద్యంలో నాకు కృష్ణుడి గొంతుతో పాటు నెల్లూరు మంత్రి గొంతు కూడా వినిపిస్తుంది. తిక్కన మాటల్లో ఎక్కడా అరుపు ఉండదు, ఆ తగ్గుస్వరమే ఆయన సొత్తు. తిరుపతి వేంకటకవుల నాటకం పద్యాలు వచ్చాక జనం రాయబారం అంటే అవే అనుకుంటున్నారు, "చెల్లియో చెల్లకో" ముందు ఇది మరుగున పడిపోయింది.

శార్దూలం:
తిరుపతి వేంకటకవులని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి ద్విపద గారూ. "అలుగుటయే యెరుంగని మహామహితాత్ముఁ డజాతశత్రుఁడే యలిగిననాఁడు" అన్నదాన్ని మించిన నిరోధక సూత్రం చూపించండి. బలం ఉంది, ముందుగా వాడం, వాడాల్సి వస్తే మాత్రం సాగరాలన్నీ ఏకమవుతాయి. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మన దేశం తీసుకున్నది సరిగ్గా ఈ దారే. అణ్వాయుధం మొదట ప్రయోగించం, మా మీద ప్రయోగిస్తే జవాబు తట్టుకోలేనంతగా ఉంటుంది అని 2003 జనవరిలో సిద్ధాంతంగా ప్రకటించారు. ధర్మరాజు ఓర్పుకి విలువ వచ్చింది వెనక భీమార్జునులు ఉండబట్టే, భీమార్జునుల బలానికి నమ్మకం వచ్చింది ముందు ధర్మరాజు ఉండబట్టే. ఈ రెండో సగాన్ని మనవాళ్ళు తరచు మరిచిపోతుంటారు.

ఆటవెలది:
ఓటింగుకి దూరంగా ఉండటం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, ఉద్యోగపర్వంలోనే దానికి సరిపోయే మనుషులు ఇద్దరున్నారు, ఒక్కరినే అందరూ తలుచుకుంటారు. బలరాముడు ఇరుపక్షాలకీ కావలసినవాడు, భీముడూ దుర్యోధనుడూ ఇద్దరూ ఆయన శిష్యులే, మనసొప్పక సరస్వతీ తీరాన తీర్థయాత్రకి వెళ్ళిపోయాడు. రెండోవాడు రుక్మి. రుక్మిణి అన్న, భీష్మకుడి కొడుకు. సైన్యం వేసుకుని పాండవుల దగ్గరికి వచ్చి, భయమేస్తోందా అర్జునా, నేనున్నా అన్నాడు. అర్జునుడు నవ్వి అక్కర్లేదన్నాడు. అక్కణ్ణించి దుర్యోధనుడి దగ్గరికి పోయి అదే పాట పాడాడు, అతనూ వద్దన్నాడు. చివరికి యుద్ధానికి దూరంగా మిగిలింది వీళ్ళిద్దరే. బయటివాళ్ళకి ఇద్దరూ తటస్థులే, కానీ ఒకడు తనంతట తాను తప్పుకున్నాడు, రెండోవాణ్ణి ఎవరూ రానివ్వలేదు. అందరితోనూ స్నేహం అనే దేశం తను బలరాముడో రుక్మో ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండాలి.

శల్యుడి కథా ఇందులో కలపాలి. పాండవుల దగ్గరికని బయలుదేరిన మేనమామ, దారి పొడుగునా విడిది మందిరాలు, మర్యాదలు చూసి మురిసిపోయి, చేసింది ఎవరో కనుక్కోకముందే వరం ఇస్తానన్నాడు. తెర వెనకనుంచి దుర్యోధనుడు వచ్చాడు. ఓడరేవులూ రోడ్లూ ఎవరో కట్టిపెడుతుంటే సంతోషించే చిన్నదేశాలన్నిటికీ ఈ ఘట్టం చదివి వినిపించాలి.

తేటగీతి:
బావుంది కానీ దక్షుల దగ్గరనుంచి చాలా దూరం వచ్చేశాం. ద్యూతసభలో వికర్ణుడు లేచి ఇది అన్యాయం అన్నాడు. వ్యాసుడి శ్లోకం ప్రకారం అతను చూస్తూ ఊరుకున్నవాడు కాడు, తిక్కన పద్యం ప్రకారం దక్షుడూ కాడు, రెండు లెక్కల్లోనూ నిర్దోషి. అయినా భీముడి చేతిలో చచ్చాడు, చంపినందుకు భీముడే ఏడ్చాడు. కాబట్టి నోరు విప్పినంత మాత్రాన చేటు తప్పుతుందని పద్యం నుంచి లాగకండి. ఖండన ప్రకటన ఒకటి పడేస్తే పనైపోయిందనుకునే దేశాలు చాలా ఉన్నాయి.

శార్దూలం:
నాలుగో పాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూలంలో తర్వాత వచ్చేది నది పోలిక, "యథా నద్యనుకూలజాన్", ఒడ్డున పెరిగిన చెట్లని నది పెకలించినట్టు ధర్మం వాళ్ళని పెకలిస్తుంది అని. తిక్కన ఆ నదిని తీసేసి దైవాన్ని పెట్టాడు. ధర్మాన్ని దైవం ఎలాగూ గట్టెక్కిస్తుంది, మీరు మాత్రం పోతారు అని. "గాని" అన్న చిన్న మాట మీద పద్యం అటునుంచి ఇటు తిరుగుతుంది. "అది వారల చేటగు"లో "అది" ఉపేక్షకే చెల్లుతుందని నా గట్టి నమ్మకం, "అవస్థ"కి అన్వయించేవాళ్ళతో నేను ఒప్పుకోను.

చంపకమాల:
"అవస్థ"కి అన్వయిస్తేనే అందం అని నా ఉద్దేశం, ధర్మానికి పట్టిన దుర్దశే తిరిగి వాళ్ళకి పడుతుందని. దాన్ని విడిగా మాట్లాడుకుందాం.

మత్తకోకిల గారి ప్రశ్నకి నా జవాబు 1971. మార్చి చివర్లో ఢాకాలో ఊచకోత మొదలైంది, కోటిమంది దాకా శరణార్థులు వచ్చారు, మనం యుద్ధంలోకి దిగింది డిసెంబరు 3న. ఆ మధ్య నెలల్ని ఉపేక్ష అనగలమా? ఆగస్టు 9న సోవియట్‌తో ఒప్పందం, ఆ తర్వాత ఇందిర పశ్చిమ రాజధానులు తిరిగి చెప్పాల్సిన వాళ్ళందరికీ చెప్పడం, అదంతా రాయబారమే. ఐదూళ్ళడిగిన రాయబారం. సంధి కుదరదని తెలిసీ వెళ్ళాలి, సంధికి ప్రయత్నించామని లోకం చూడాలి. డిసెంబరు 16కి పని అయిపోయింది. అప్పుడు మనం దక్షులం, ఉపేక్షించలేదు. 2022లో యుద్ధాన్ని ఆపగల దక్షత మనకి ఉందా అన్నదే అసలు ప్రశ్న. లేదంటే ఈ పద్యంతో మనకి పని లేదు. ఉందంటే తప్పించుకునే సందు లేదు.

ద్విపద:
సందు విరాటుడు చూపించాడు కదండీ. కీచకుడు నిండుకొలువులో ద్రౌపదిని తన్నినప్పుడు, ఆమె న్యాయం అడిగితే, మూలంలో విరాటుడు "పరోక్షం నాభిజానామి విగ్రహం యువయోరహమ్" అంటాడు. మీ ఇద్దరి గొడవ నా పరోక్షంలో జరిగింది, నిజానిజాలు తెలియకుండా నేనేం చేయగలను అని. రాజధానులు విడుదల చేసే ప్రకటనలు అచ్చం ఇలాగే ఉంటాయి. కామందకుడు దీన్ని ఉపాయం అన్నాడు సరే, నాకు మాత్రం బావమరిదికి భయపడిన రాజే కనిపిస్తాడు. తిక్కన ఆ చోట విరాటుణ్ణి ఎలా చూపించాడు, భయపడ్డవాడిగానా, లెక్క వేసుకున్నవాడిగానా? చంపకమాల గారి వాదన నిలవాలంటే రెండోదే కావాలి. ద్వితీయాశ్వాసం దగ్గరున్నవాళ్ళు ఆ ఘట్టం పద్యాలు ఇక్కడ పెట్టండి.